మొగుళ్లను కరిచే కత్తి

పిల్లను అడగడానికి కా అంబో ఇంట్లో చాకిరీకి చేరిన నాటికి మెలెసియో చేతిలో ఉన్న సరుకు ఇది: తాటాకుల సంచీ ఒకటి, దోమతెరలూ దుప్పట్లూ అమ్మగా మిగిలిన చిల్లర, మిండోరో దీవి రేవుల్లో తనను పేరు పెట్టి పిలిచే కొన్ని అరుగులు, ఎంత తొందరలో ఉన్నవాణ్నయినా రెండు మాటలపాటు నిలబెట్టే నోరు. అప్పు లేదు. పొలమూ లేదు. తల్లిదండ్రులు యుద్ధంలో పోయారు. పెంచిన మేనత్తకు లిపా దారిలో నాలుగు కాఫీ చెట్లున్నాయి గానీ అవి ఆమె పేరున లేవు.

సియోనింగ్‌ను అడగడానికి ఇది చాలదని అతను లెక్క చూసుకోకపోలేదు. చూసుకున్నాడు, చాలదని తేలింది. చాలినంత పోగయ్యేదాకా ఆగితే ఆ పిల్లను ఇంకెవరో ఎగరేసుకుపోతారనీ అదే లెక్కలో తేలింది. అందుకని వెళ్లాడు.

కా అంబో తాల్ ఊరి పక్కనున్న బలిసోంగ్ పేటలో కమ్మరి; ‘కా’ అన్నది అక్కడ పెద్దవాళ్ల పేరు ముందు పెట్టే మర్యాద. పేట పేరూ అక్కడ తయారయ్యే మడత కత్తి పేరూ ఒకటే. ఇంటింటికీ ఒక కొలిమి ఉంది. ఎవరి కత్తి ఎవరిదో బయటివాళ్లకు తెలియదేమో గానీ, కా అంబో చేసిన కత్తి తెరుచుకునేటప్పుడు వచ్చే చప్పుడును పేటలో గుడ్డివాడైనా గుర్తుపడతాడు. సైన్యం వదిలేసిపోయిన జీపుల కమాను పట్టీలతో కత్తి అలుగు చేస్తాడు. పిడికి ఇత్తడి, ఇత్తడి మీద దున్నపోతు కొమ్ము. ఆయనకు కొడుకులు లేరు, ఒక్కతే కూతురు సియోనింగ్. ఆ కూతురిని అడగవచ్చినవాడు నీళ్లు మొయ్యాలి, కట్టెలు కొట్టాలి, పందులకు కుడితి పెట్టాలి, కొలిమి తిత్తి ఊదాలి, మాటకు మాట ఎదురు చెప్పకూడదు. మెలెసియో కన్నా ముందు వచ్చినవాడు స్కూలు మాస్టారి తమ్ముడు. చేతులు బొబ్బలెక్కగానే, సెలవులు అయిపోయాయని చెప్పి వెళ్లిపోయాడు.

మెలెసియో వెళ్లలేదు. పనిలో పనిగా కా అంబో అతని వేళ్లు గమనించాడు. దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి ఆ వేళ్లకు ఒక నేర్పు వచ్చింది. ఒకరోజు ఆయన ఒక బల్ల చూపించి, పిడులు బిగించే పని అప్పజెప్పాడు.

బలిసోంగ్‌కు పిడి ఒకటి కాదు, రెండు. రెండు రెక్కల్లా ఉంటాయి. మూసినప్పుడు అలుగు వాటి మధ్య దాక్కుంటుంది. ఒక రెక్క అలుగు వీపు వైపు ఉంటుంది, రెండోది పదును వైపు. వీపు వైపు రెక్కను పట్టుకుని చెయ్యి విదిలిస్తే రెండోది గుండ్రంగా తిరిగి వచ్చి మొదటిదాన్ని కలుసుకుంటుంది. పూర్తిగా తెరుచుకున్న కత్తి ఒంటి చేతిలో ఉంటుంది. పొరపాటున పదును వైపు రెక్కను పట్టుకుని విదిలిస్తే అలుగు తిరిగొచ్చి వేళ్ల కణుపుల మీద పడుతుంది. ఏది ఏ రెక్కో చూసుకునే పని లేకుండా తాల్ ఉన్న బతంగాస్ జిల్లా కమ్మరులు పదును వైపు రెక్క చివరనే చిన్న గొళ్లెం పెడతారు. గొళ్లెం లేని రెక్కను పట్టుకోవాలి, అంతే. అక్కడి మగపిల్లలకు ఇది ఏ చెప్పు ఏ కాలిదో తెలియకముందే తెలుస్తుంది.

మెలెసియోకూ తెలుసు. కాకపోతే బల్లకు ఎదురుగా పెరట్లో ఆ వారం సియోనింగ్ కాఫీ గింజలు వేయిస్తోంది. జుట్టు పైకి ముడేసుకుని, పొగకు కళ్లు చికిలించి, పొడవాటి తెడ్డుతో మూకుడు తిప్పుతోంది. మెలెసియో చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. డజనున్నర కత్తులు. అన్నిటికీ గొళ్లేలు బిగించి, మేకుల తలలు కొట్టి, ఆకురాయితో నున్నగా చేసి, వరసగా పేర్చాడు.

సాయంత్రం కా అంబో వచ్చి ఒక కత్తి తీశాడు. విదిలించాడు. వేలు నోట్లో పెట్టుకున్నాడు. రెండో కత్తి తీశాడు. రెండో వేలు కూడా నోట్లోకి వెళ్లింది. మూడోది విదిలించలేదు, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఒరేయ్ మెలెసియో, ఇట్రా.”

“చెప్పండి మామా.”

“ఇంకా మామని కాలేదు. కా అంబో అను. ఇది తెరువు.”

మెలెసియో తీసుకుని అలవాటు ప్రకారం విదిలించాడు. చూపుడు వేలి కణుపు మీద సన్నటి ఎర్ర గీత పడింది.

“ఎలా ఉంది?”

“పదును బాగుందండీ.”

“పదును నేను పెట్టాను. గొళ్లెం ఎవరు పెట్టారు?”

మెలెసియో వరస మొత్తం తిప్పి చూశాడు. ఒక్కదానికైనా సరైన రెక్కకు పడిందేమోనని ఆశ. పడలేదు. తప్పు కూడా శ్రద్ధగా చేశాడు.

“మేకులు ఊడగొట్టి మళ్లీ బిగిస్తాను.”

“ఊడగొట్టు. కొమ్ము పగులుద్ది. పగిలిన చోట పెట్టడానికి కొమ్ము నీ నెత్తి మీద నుంచి కోసుకుంటావా?”

పెరట్లోంచి సియోనింగ్ అంది: “నేను చూశాను నాన్నా, ఆయన నెత్తి మీద ఏం లేవు. లోపల కూడా లేవేమో.”

కా అంబో నవ్వలేదు. రెండు వేళ్లకూ గుడ్డ చుట్టుకున్నాడు. ఆ కత్తుల్ని తాల్ సంతలో పెడితే చప్పుడు వినగానే ఇవి ఎవరివో తెలిసిపోతుంది. తెరిచినవాడల్లా వేలు కోసుకుంటాడు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క సంతలో పోతుంది.

“నువ్వు కత్తి చేసేవాడివి కాదు, అమ్మేవాడివి,” అన్నాడు చివరికి. “ఇవి పట్టుకుపో. సంచీ ఖాళీ చేసుకుని రా. ఒక్కటి కూడా ఊరికే ఇవ్వకూడదు. సముద్రంలో పారెయ్యకూడదు. కొన్నవాళ్లది ఒక్క వేలు కూడా తెగకూడదు. అప్పుడు పిల్ల సంగతి మాట్లాడదాం.”

“మాట్లాడదామా, ఇస్తారా?”

“మాట్లాడదాం అన్నాను.”

ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో వర్తకుడికి వేరే చెప్పనక్కర్లేదు. అయినా మెలెసియో బేరం ఇంకా పెంచలేదు. తప్పుడు సరుకు చేతిలో ఉన్నవాడు బేరం పెంచడు.

“చెయ్యలేకపోతే?”

“చెయ్యలేకపోతే కట్టెలు కొట్టడానికి పక్కూరు లెమెరీ నుంచి ఇంకొకడు అడుగుతున్నాడు. పడవలున్నాయంట వాళ్లకి.”

తెల్లారి గేటు దగ్గర సియోనింగ్ అరటాకులో చుట్టిన బియ్యపు ఉండలు సంచీలో పెట్టింది.

“మనీలాలో గొళ్లెం ఇటువైపే పెడతారంట. అక్కడికి పోరాదా?”

“మనీలా దారి పెద్ద సంచీల వాళ్లది. నేను అడుగుపెడితే సంచీతో పాటు నన్నూ మడతపెడతారు. నాది మిండోరో.”

“నువ్వు తప్పు రెక్కకి పెడుతున్నావని నేను రెండో కత్తికే చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“కత్తి చూడకుండా బిగిస్తున్నావు. ఎటు చూస్తున్నావో తెలుసుకుందామని ఊరుకున్నా.”

“తెలిసిందా?”

“కాఫీ మాడిపోయింది,” అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాటను మెలెసియో మిండోరోలోని కాలపాన్ రేవుకు వెళ్లే పడవలో తిప్పితిప్పి లెక్క వేశాడు. గింజలు మాడాలంటే తెడ్డు ఆగాలి. తెడ్డు ఆగాలంటే ఆమె కూడా మూకుడు వైపు చూడకుండా ఉండాలి. ఇది జమ వైపు రాసుకోదగిన అంకె.

మిగతా అంకెలు అంత బాగా లేవు. పడవలోనే మొదటి బేరం తగిలింది. ఒక సరంగు కత్తి చప్పుడు విని దగ్గరికొచ్చాడు. మెలెసియో దాచలేదు. “అన్నా, ఇది మన కత్తిలా కాదు. గొళ్లెం ఉన్న రెక్కే పట్టుకోవాలి,” అన్నాడు.

“నాకు చెప్తావా? నాది లెమెరీ.”

“అందుకే చెప్తున్నా.”

సరంగు సరేనన్నాడు, తలూపాడు, గొళ్లెం ఉన్న రెక్కే పట్టుకున్నాడు. విదిలించే క్షణంలో చెయ్యి దానంతటది రెక్క మార్చుకుంది. పడవలో అందరూ నవ్వారు, అతను తప్ప. కాలపాన్‌లో బస్సు కండక్టరుకూ అంతే, కల్లు దుకాణం వాడికీ అంతే. మిండోరో తూర్పు ఒడ్డున సగం మంది బతంగాస్ నుంచి వలస వచ్చినవాళ్లే. మగవాడన్నవాడికల్లా కత్తి తెరవడం వచ్చు. వచ్చినవాడికల్లా వేలు తెగుతుంది. నోటితో ఎంత చెప్పినా చేతులకు వినపడదు. నాలుగు రేవులు తిరిగేసరికి మెలెసియో అమ్మినది ఏమీ లేదు, కొన్నది మాత్రం ఉంది: అయోడిన్ సీసా.

‘ఈ కత్తి తెలిసినవాళ్లనే కరుస్తోంది,’ అనుకున్నాడు బొంగబొంగ్ వెళ్లే బస్సు మీద మూటల మధ్య కూర్చుని. ‘తెలియనివాళ్లు కావాలి. తెలియని మగవాడు ఈ దీవిలో ఎక్కడ దొరుకుతాడు?’

మగవాడు అన్న మాట దగ్గరే తన లెక్క తప్పుతోందని అప్పటికి అతనికి తట్టలేదు.

బొంగబొంగ్ ఒడ్డున పొద్దున్నే పడవలు వచ్చి ఉన్నాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని చేపలు చీరుతున్నారు. మగవాళ్లు వలలు ఆరేసి, పడవ నీడలో చేరి కబుర్లు చెప్పుకుంటున్నారు. మెలెసియో ఎండలో నడుం వాల్చి సియోనింగ్ పెట్టిన ఉండల్లో ఆఖరిది తింటున్నాడు.

“తమ్ముడూ, నీ దగ్గర కత్తుందా?”

అడిగింది ఆలింగ్ గోరియా. ఆ ఒడ్డున చేపలు చీరే ఆడవాళ్లందరికీ పెద్ద. బోదెల్లాంటి చేతులు, మోకాలి దాకా ఎగ్గట్టిన లంగా. ఎడమ చేత్తో తొడ అంత ట్యూనా చేపను తోక దగ్గర పట్టుకుని నిలబడింది. అది ఇంకా కొట్టుకుంటోంది. కిందపెడితే ఇసుక అంటుతుంది, బుట్టలో పెడదామంటే బుట్ట మూతి తాడు ముడిపడిపోయింది.

“నీ కత్తేది అక్కా?”

“మా ఆయన కల్లు దగ్గర కొబ్బరికాయ కొట్టుకోవడానికి పట్టుకుపోయాడు. నిన్న. చేప జారిపోతోంది, ఇస్తావా లేదా?”

మెలెసియో తొందరలో సంచీలోంచి ఒకటి తీసి ఇచ్చేశాడు. ఇచ్చాక గుర్తొచ్చింది. ‘అక్కా, ఆగు’ అనబోయాడు.

ఆమె జన్మలో బలిసోంగ్ పట్టుకోలేదు. గొళ్లెం ఊడి గలగలమంటూ వేలాడుతుంటే, ఆ ఊగేది చికాకనిపించి దాన్నే అరచేతి కింద అదిమిపెట్టింది. అంటే గొళ్లెం ఉన్న రెక్క. తడిచేతిని విదిలించినట్టు ఒకసారి విదిలించింది. కత్తి తెరుచుకుంది. తాడు కోసింది. ఇంకోసారి విదిలించింది. మూసుకుంది. ఎడమ చేతిలో చేప ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

“మళ్లీ ఒకసారి తెరువు అక్కా.”

“ఎందుకు?”

“చూడాలని.”

ఆమె తెరిచింది. మూసింది. వేలికి గీత కూడా పడలేదు.

మెలెసియో లేచి నిలబడి ఒడ్డు పొడవునా చూశాడు. ఒకామె చంకలో పిల్ల ఉంది. ఒకామె ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో ఉప్పు చల్లుతోంది. ఒకామె నెత్తి మీద గంప, గంప మీద చెయ్యి. రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్లంతా పడవ నీడలో ఉన్నారు. ఇన్నేళ్లుగా ఒంటి చేత్తో తెరుచుకునే కత్తిని చేసి, చేసి, రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్లకు అమ్ముతున్నాం కదా అనుకున్నాడు. నవ్వొచ్చింది. ఆ వెంటనే బేరం గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాడు.

“తీసుకో అక్కా. ఎండుచేపల కట్టలు రెండు ఇస్తే చాలు.”

“ఆడవాళ్లు బలిసోంగ్ ముట్టుకోకూడదంటారుగా.”

“ఎవరంటారు?”

ఆలింగ్ గోరియా పడవ నీడ వైపు గడ్డం ఎత్తి చూపించింది. “వాళ్లే.”

“ఎందుకట?”

“అడగలేదు. పని ఉండి.”

“తీసుకో గానీ ఒక మాట. దాచి అమ్మడం నాకు అలవాటు లేదు. ఇది మీ ఆయన చేతికి ఇవ్వకు. ఆయనకి కత్తి తెరవడం వచ్చా?”

“అది తప్ప ఇంకేం రాదు.”

“అయితే కరుస్తుంది. వచ్చినవాళ్లనే కరుస్తుంది ఇది. నువ్వెప్పుడూ ఇప్పుడు పట్టుకున్నట్టే పట్టుకో, నిన్నేం చెయ్యదు.”

లోపం చెప్పాక కొనేవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. మెలెసియో దానికి సిద్ధపడే ఉన్నాడు. ఆలింగ్ గోరియా వెనక్కి వెయ్యలేదు. కత్తి వైపు చూసింది, పడవ నీడ వైపు చూసింది, మళ్లీ కత్తి వైపు చూసింది.

“అంటే ఆయన దీన్ని పట్టుకుపోలేడన్నమాట.”

“పట్టుకుపోతాడు. ఒక్కసారే.”

ఆమె చేపను బుట్టలో పడేసి ఒడ్డంతా వినపడేలా పిలిచింది: “ఒసే, అందరూ ఇటు రండే. మొగుళ్లు ఎత్తుకుపోలేని కత్తి వచ్చింది.”

ఆ రోజు మెలెసియో నోటికి పని తక్కువ పడింది. అమ్మే పని ఆలింగ్ గోరియానే చేసింది. ఎవరి వంటింటి కత్తి ఏ కల్లు పాకలో పడి ఉందో, ఎవరి కత్తితో ఎవరి మొగుడు కోడిపందేల్లో కోడికి ఈకలు కత్తిరించాడో, ఎవరి కత్తి తిరిగొచ్చేసరికి రంపమై వచ్చిందో ఒక్కొక్కరూ చెప్పుకుంటూ సంచీలో చెయ్యి పెట్టారు. ఒకామె చాపలు ఇచ్చింది, ఒకామె వెదురు బొంగు నిండా తేనె ఇచ్చింది, కొందరు డబ్బే ఇచ్చారు. మెలెసియో ప్రతి ఒక్కరి చేతిలోనూ కత్తి పెట్టి, పదిసార్లు తెరిపించి, మూయించి, వేళ్లన్నీ చూసి గానీ వదల్లేదు.

మర్నాడు ఒడ్డున పడవ నీడలో కబుర్లు లేవు. మగవాళ్లు చాలామంది ఏదో ఒక వేలికి గుడ్డ చుట్టుకుని, ఎవరి చెయ్యి వాళ్లు వెనక్కి దాచుకుని కూర్చున్నారు. ఏమైందని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆడవాళ్లు మాత్రం పాటలు పాడుతూ చేపలు చీరుతున్నారు. ఒక్కపూటలో ఇంకో పేట ఆడవాళ్లు కూడా వచ్చి కొనుక్కుపోయారు. సంచీ అడుగున ఒకే ఒక్క కత్తి మిగిలింది.

దానికి బేరం వచ్చిన తీరే మెలెసియోను ఇరకాటంలో పెట్టింది.

వచ్చినవాడు తిబో. ఆలింగ్ గోరియా మొగుడు. రేవులో మూటలు మోసేవాళ్లకు మేస్త్రీ. మనిషి తలుపంత ఉంటాడు, కుడి చేతి రెండు వేళ్లకు కట్టు ఉంది. మెలెసియో పారిపోదామని చూసేలోపే భుజం మీద చెయ్యి పడింది.

“నువ్వేనా కత్తులవాడివి?”

“నేనేనన్నా. అక్కకి ముందే చెప్పాను...”

“చెప్పావంట. మా ఆవిడ కూడా నాకు చెప్పింది. నేను వినలేదు. ఆ సంగతి వదిలెయ్. ఇంకొకటి ఉందా?”

“ఎవరికి?”

తిబో గొంతు తగ్గించాడు. “నాక్కాదు, మా అమ్మకి. నా పెళ్లానికి కొత్త కత్తి వచ్చింది, తనకి రాలేదు. నిన్నటి నుంచి కూడు వండలేదు. కూర ముక్కలు పళ్లతో కొరికి వెయ్యమంటావా అంటోంది. ఆమెకి పళ్లు లేవు. ఎంత?”

మెలెసియో చెయ్యి సంచీ మీదకు వెళ్లి ఆగిపోయింది. అమ్మితే సంచీ ఖాళీ. కానీ కొన్నవాళ్లది ఒక్క వేలు కూడా తెగకూడదన్నాడు కా అంబో. ఈ మనిషి డబ్బు ఇస్తే ఈ మనిషే కొన్నవాడవుతాడు, తెగిన వేళ్లు రెండు. అమ్మకపోతే సంచీలో ఒకటి మిగులుతుంది. ఎటు చూసినా లెమెరీ పడవలు కనపడుతున్నాయి.

“నీకు అమ్మనన్నా.”

“నాకెందుకు అమ్మవు?” తిబో మొహం ఎర్రబడింది. “ఊళ్లో ప్రతి ముసలిదానికీ అమ్మావు.”

“కోపగించుకోకు. నీ వేళ్లు ముందే తెగాయి. నీ చేతి నుంచి ఏం తీసుకున్నా నా పెళ్లి చెడుతుంది.”

తిబో చెయ్యి తీసేశాడు. “ఇదేం బేరం?”

మెలెసియో మొత్తం చెప్పాడు. గొళ్లెం, కాఫీ, షరతు, లెమెరీ వాడు. చెబుతున్నంతసేపూ తిబో కట్టు కట్టిన వేళ్లను చూసుకుంటూ నిలబడ్డాడు. పూర్తయ్యాక ఒడ్డున జనం తిరిగి చూసేలా నవ్వాడు.

“అంటే నువ్వు పిల్లను చూస్తుంటే నా వేలు తెగిందా?”

“లెక్క ప్రకారం అంతే.”

“ఆగు. ఎక్కడికీ పోకు.”

వెళ్లి తల్లిని భుజం మీద ఎక్కించుకుని వచ్చాడు. ఇనాంగ్ బెర్తా కోడి బరువు కూడా ఉండదు. నోట్లో తమలపాకు, చంకలో గోనెగుడ్డ చుట్టిన మూట. దించగానే కత్తి అందుకుంది. ఎండిన వేళ్లతో గొళ్లేన్ని అదిమిపెట్టి విదిలించింది. తెరుచుకుంది. ఇంకా రెండుసార్లు తెరిచింది, మూసింది. వక్క తీసి నాలుగు ముక్కలు చేసి నోట్లో వేసుకుంది.

“బాగుంది. కొడుకు కొనిస్తే వద్దు. రేపు నేనిచ్చానంటాడు. నేనే కొంటా.”

“నాకు కావలసిందీ అదే అమ్మా.”

“డబ్బులు లేవు.”

“నేను డబ్బులు అనలేదు.”

మూట విప్పింది. లోపల గులాబీ రంగు పంది పిల్ల నిద్రపోతోంది. “ఇది మిగతావాటి కన్నా చిన్నది. తల్లి దగ్గర తోసేస్తున్నాయి. బతికితే లాభం. బతక్కపోతే నీ కర్మ.”

మెలెసియో దాన్ని ఎత్తి చూశాడు. ముక్కు తడిగా ఉంది, కాళ్లు బిగుతుగా ఉన్నాయి. బతికే సరుకే. ఎదురుబేరం ఆడకుండా తీసుకోవడం అతని జన్మలో అదే మొదలు.

బలిసోంగ్ పేటకు చేరేసరికి కా అంబో ఆకురాయి పట్టుకుని బల్ల దగ్గరే ఉన్నాడు. సియోనింగ్ బియ్యం చెరుగుతోంది. మెలెసియో గడపలో నిలబడి సంచీ దించాడు. సంచీ కీచుమంది.

“సంచీ ఖాళీ చేసుకుని రమ్మన్నాను,” అన్నాడు కా అంబో.

“కత్తులు ఖాళీ అండీ.”

“నేను సంచీ అన్నాను.”

సియోనింగ్ చేట పక్కన పెట్టి వచ్చి, సంచీలో చెయ్యి పెట్టి పంది పిల్లను బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. సంచీని తిరగేసి దులిపింది. రెండు తాటాకు ముక్కలు రాలాయి. “ఇప్పుడు ఖాళీ నాన్నా.”

కా అంబో ఆకురాయి కింద పెట్టాడు. “ఊరికే ఇచ్చినవి?”

“లేవు.”

“కొన్నవాళ్ల వేళ్లు?”

“ఒక్కటీ తెగలేదు. చాపలు, తేనె మేనత్త ఇంట్లో దించి వచ్చాను, వచ్చి చూసుకోవచ్చు.” ఇక్కడ దాచినా తర్వాత బయటపడే సంగతేనని చెప్పేశాడు. “కొన్నవాళ్ల మొగుళ్లవి కొన్ని తెగాయి.”

“కొన్నవాళ్ల మొగుళ్లా?”

మెలెసియో చెప్పుకొచ్చాడు. ఒడ్డు, ట్యూనా, ఊగే గొళ్లెం, పడవ నీడ. తిబో దగ్గరికి వచ్చేసరికి కా అంబో భుజాలు కదలడం మొదలైంది. ఇనాంగ్ బెర్తా దగ్గర బల్ల పట్టుకున్నాడు. ఆయన నవ్వు విని ఎదురింటి కమ్మరి సుత్తి ఆపి బయటికొచ్చాడు. అక్కడివాళ్లకు అది కొత్త చప్పుడు.

“అయితే నా కత్తికి చెడ్డ పేరు రాలేదా?”

“ఆడవాళ్లలో రాలేదు. మగవాళ్లు ఎవరూ బయట చెప్పుకోరు. ఇంకా ముప్పై కావాలన్నారు. అవతలి రేవు మన్సాలయ్ వాళ్లు కూడా అడిగారు. గొళ్లెం మాత్రం ఇటే ఉండాలంట.”

కా అంబో నవ్వు ఆగింది. “నా చేత్తో తప్పు రెక్కకి గొళ్లెం పెట్టను. చచ్చినా పెట్టను.”

“మీరు పెట్టనక్కర్లేదండీ. నేను పెడతాను. ఎదురుగా సియోనింగ్ కాఫీ వేయిస్తే చాలు.”

కా అంబో కూతురి వైపు తిరిగాడు. “పిల్ల సంగతి మాట్లాడదాం అన్నాను. మాట్లాడు.”

సియోనింగ్ పంది పిల్ల చెవులు సవరిస్తూ తల ఎత్తకుండానే అంది: “లెమెరీ వాళ్లకి కబురు పెట్టు నాన్నా. కట్టెలు కొట్టడానికి మనిషి దొరికాడని.”

“వాళ్లకి పడవలున్నాయే.”

“నేను చేపలు పట్టను.”

వర్షాలు మొదలవకముందే మేనత్త బంధువులను వెంటేసుకుని, కాఫీ మూట నెత్తిన పెట్టుకుని, పిల్లను అడగడానికి గడప ఎక్కింది. ఎత్తిన గొంతు దించకుండా ఆమె మాట్లాడుతుంటే కా అంబో అన్నిటికీ తలూపాడు. పెళ్లి తాల్ చర్చిలో జరిగింది. విందుకు బొంగబొంగ్ నుంచి ఆలింగ్ గోరియా వచ్చింది, తిబో వచ్చాడు, వాళ్లతో చేపల గంపలు వచ్చాయి. పేట కమ్మరులు తిబో చుట్టూ చేరి వేళ్లు చాపించి గాయం మచ్చను పరీక్షించారు. అలుగు ఏ కోణంలో పడిందో, ఎంత తేలిగ్గా దిగిందో చూసి కా అంబోను మెచ్చుకున్నారు.

లెక్క చివరికి ఇలా తేలింది. పోయినవి: ఒక అయోడిన్ సీసా, పడవ చార్జీలు, పెళ్లి విందుకు కొన్న పంది. ఇంట్లో పెరుగుతున్నదాన్నే కాల్చుదామని మెలెసియో అన్నాడు. సియోనింగ్ దానికి అప్పటికే బెర్తా అని పేరు పెట్టి, ముద్దలు చేసి తినిపిస్తోంది. ఆ మాట విని ఒక పూటంతా అతనితో మాట్లాడలేదు. అందుకని వేరేది కొన్నారు. వచ్చినవి: సియోనింగ్, కా అంబో కొలిమిలో ఎడమ వైపు బల్ల, తూర్పు ఒడ్డు పొడవునా తనను తమ్ముడూ అని పిలిచే ఆడవాళ్లు, రెండో ఏడు తొమ్మిది పిల్లల్ని పెట్టిన బెర్తా. కొన్న పంది ఖరీదు తీసేసి చూసినా మిగులు చాలానే ఉంది.